దివాణం పెట్టె

మా ఇంట్లో దాన్ని దివాణం పెట్టె అంటాం. రెండడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, మోకాలెత్తు కూడా ఉండదు. నల్ల వార్నీషు పూసిన రేకు, రెండు పక్కలా ఇత్తడి పిడులు, మూత అంచు చుట్టూ సన్నటి పసుప్పచ్చ గీత, మధ్యలో తెల్ల అక్షరాలతో ఎస్టేటు పేరు. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ కుటుంబం వాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ ఇంటి సంగతి పదిమందిలో పెట్టడానికి మా తాతగారు ఒప్పుకునేవారు కాదు. శ్రీకాకుళం వైపు, పర్లాకిమిడి సంస్థానానికి దిగువన, వంశధార నీళ్ళతో సాగయ్యే కొన్ని పల్లెల ఎస్టేటు అని చెబితే చాలు. తాతగారు అక్కడ దస్త్రం గుమాస్తా. ఇప్పుడా పెట్టె జంషెడ్‌పూర్‌లో ఉంది.

జమీందారీ అనగానే విజయనగరం కోటో బొబ్బిలి కోటో కళ్ళముందుకొస్తుంది. కోటల్లేని చిన్న ఎస్టేట్లు కూడా ఉత్తరాంధ్రలో చాలానే ఉండేవి. 1802లో కంపెనీ ప్రభుత్వం ఉత్తర సర్కారుల్లో శాశ్వత బందోబస్తు చేసినప్పుడు పాత సంస్థానాలను ఆ రాజులకే స్థిరపరిచింది. సర్కారు చేతిలో ఉన్న హవేలీ భూములను ముఠాలుగా విడగొట్టి వేలం వేసింది. తాతగారు పనిచేసింది అలా వేలంలో కొన్న ఒక ముఠా. యజమానుల పూర్వీకులు యుద్ధాలు చేయలేదు, రాజ్యాలు ఏలలేదు. అయినా ఊళ్ళో అందరూ రాజుగారనే పిలిచేవారు, ఎదురుగా ఉంటే బాబుగారూ అనేవారు. వాళ్ళకున్నది ఒక మండువా లోగిలి, గుర్రబ్బండి, ఈ పెట్టె.

ఆస్తి అంతా కాగితాల్లోనే ఉండేది. శాశ్వత బందోబస్తు నాటి సనదు ఉంటేనే ఎస్టేటు తమది. ఏటా సర్కారుకు కట్టాల్సిన పేష్కస్సు కిస్తుల వారీగా కట్టినట్టు రసీదులుంటేనే ఆ సనదు నిలిచేది. కిస్తు బాకీ పడితే ఎస్టేటును అమ్మకానికి పెట్టే హక్కు కలెక్టరుకు ఉండేది. అటు రైతుల దగ్గర ఎవరికి ఎంత భూమి, ఎంత శిస్తు అన్నది పట్టా ముచ్చిలికల్లో ఉండేది. దివాణం రైతుకిచ్చేది పట్టా, రైతు దివాణానికి రాసిచ్చేది ముచ్చిలిక. ఇవి కాక ఈనాముల కాగితాలు, దేవుడి మాన్యాల లెక్కలు, దత్తత పత్రాలు, కోర్టు తీర్పుల నకళ్ళు. దత్తత చెల్లుతుందా, ఎస్టేటు పంచవచ్చా అన్న తగాదాలు ఆ రోజుల్లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళేవి. పిఠాపురం కేసులో 1899లో అక్కడ తీర్పు వచ్చిన సంగతి మా తాతగారు పురాణకథ చెప్పినట్టు చెప్పేవారు. ఆయనకు చదువు తక్కువ, న్యాయశాస్త్రం ఎక్కువ.

కొయ్య భోషాణంలో పెడితే చెదలు పడుతుంది. ఇనప్పెట్టె అయితే కదలదు. జమాబందీకో, కోర్టు వాయిదాకో కాగితాలు చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం), విశాఖపట్నం తీసుకెళ్ళాలంటే ఎడ్లబండి మీద పెట్టగలిగేది, వాన కురిసినా లోపలికి చెమ్మ దిగనిది, ఎలక కొరకలేనిది రేకుపెట్టె ఒక్కటే. అందుకే జమీందార్లూ వకీళ్ళూ పంతొమ్మిదో శతాబ్దంలో దానికి అలవాటుపడ్డారు. ఇంగ్లండులో వుల్వర్‌హాంప్టన్, బిల్‌స్టన్ ఊళ్ళ పనివాళ్ళు రేకుసామాన్లకు నల్లటి లక్కవార్నీషు పూసి కొలిమిలో ఎండబెట్టి ప్రపంచమంతటికీ అమ్మారు. మన కలకత్తాలో, మద్రాసులో రేకుపనివాళ్ళు ఆ నమూనా పట్టుకున్నారు. మా పెట్టె మూత లోపల కలకత్తా దుకాణం కాగితం ఒకటి అతికించి ఉండేది. నా చిన్నప్పటికే దాని మీద అక్షరాలు పోయాయి.

తాతగారు చెప్పగా విన్నది, విని విని నేను చూసినట్టే అయిపోయింది. పొద్దున రాజుగారు పూజ ముగించుకుని చావడిలోకి వచ్చి వాలుకుర్చీలో కూర్చునేవారు. ఇద్దరు మనుషులు పెట్టె తెచ్చి తివాచీ మీద దించేవారు. దానికి రెండు తాళాలు. మూతలోనే అమర్చిన తాళం ఒకటి, దాని చెవి రాజుగారి జంధ్యానికి ఉండేది. గొళ్ళేనికి వేసే తాళంకప్ప ఇంకొకటి, దాని చెవి తాతగారి మొలతాడుకు. ఒకరు లేకుండా ఇంకొకరు తీయలేరు. రాజుగారు ఊరెళ్తే పెట్టె మూసే ఉండేది, ఎంత అవసరమైనా సరే. తాతగారికి జ్వరమొస్తే తాళంచెవి మా నాన్నగారి చేతికి ఇచ్చి పంపేవారు కాదు, తనే దుప్పటి కప్పుకుని వెళ్ళేవారు.

లోపల కాగితాలు ఎర్ర ఖరువా గుడ్డల్లో కట్టలుగా ఉండేవి. ఊరికొక కట్ట. ప్రతి ముడికీ ఒక తాటాకు ముక్క, దాని మీద గంటంతో ఊరి పేరు, ఫసలీ. ఫసలీ అంటే మన ప్రాంతంలో జూలై ఒకటిన మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కట్టల మధ్య వస కొమ్ములు, ఎండిన వేపాకు. తర్వాతి రోజుల్లో కలరా ఉండలు. ఎడమచేతి వైపు మూలన విడిగా ఒక పట్టుగుడ్డ కట్ట ఉండేది, సనదు అందులోనే. దాన్ని ఏడాదికొకసారి దసరా నాడు మాత్రం విప్పి, పసుపు కుంకుమ తగలకుండా పక్కన పెట్టి, గుడ్డకు మాత్రమే పూజ చేసి మళ్ళీ కట్టేవారట. కాగితం మీద మరక పడితే రేపు కోర్టులో ఏమంటారో అన్న భయం పూజలో కూడా ఉండేది.

ఆ రాజుగారి గురించి చెప్పాలి. తాతగారి మాటల్లో ఆయన కోపిష్టి, పట్టుదల మనిషి, లెక్కలో దిట్ట. ఏ ఊళ్ళో ఏ మడికి ఏ బోదె నుంచి నీరొస్తుందో గుర్రం మీద తిరిగి చూసుకున్నవాడు. తెలుగు, ఒరియా రెండూ ధారాళంగా వచ్చు. దివాణంలో ఏటా ఒక వేదపండితుడికి వార్షికం, దసరాకు భాగవతుల మేళం ఉండేవి. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన కాలం అది. ఈయన ఇవ్వగలిగింది పండితుడికి పన్నెండు రూపాయలు, ఒక జత పంచెలు. ఆ పన్నెండు రూపాయలు ముట్టినట్టు సంతకం చేసిన రసీదులు కూడా పెట్టెలోనే ఉండేవి. ఒక కరువు ఏడాది శిస్తు రాకపోతే రాణీగారి వడ్డాణం అమ్మి కిస్తు కట్టారు. ఆ రోజు పెట్టెలోకి చేరిన రసీదును తాతగారు ఎప్పుడూ పైకి కనిపించేలా పెట్టేవారట. ఎందుకలా అంటే, మర్చిపోకూడదు కదా అనేవారు.

ఇక్కడే రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. వడ్డాణం అమ్మి కట్టిన ఏడాది రైతులకు శిస్తు మాఫీ ఏమీ కాలేదు, బాకీగా రాశారు. ఆ బాకీ మీద వడ్డీ ఎక్కింది. మొక్కలు నాటినా, గట్టు కొట్టినా, ఇంటికి దూలం కావాలన్నా దివాణం వైపు చూడాల్సిన బతుకు రైతుది. 1940లో పక్కనే మందస జమీందారీలో అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కోసం గొడవ జరిగి, గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. అందులో వీర గున్నమ్మ ప్రాణం పోయింది. నిండు గర్భిణి అని ఆ ప్రాంతంలో ఈనాటికీ చెప్పుకుంటారు. అంతకు రెండేళ్ళ ముందే టంగుటూరి ప్రకాశం గారి అధ్యక్షతన వేసిన ఎస్టేట్ల విచారణ సంఘం, భూమికి అసలు హక్కుదారు రైతేనని, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమేనని నివేదిక ఇచ్చి ఉంది. ఆ నివేదిక సంగతి విన్న రోజు రాజుగారు భోజనం చేయలేదని తాతగారు చెప్పారు. నేను పెద్దయ్యాక ఒకసారి, ఆ మాట నిజమే కదా తాతగారూ అని అడిగితే, నిజమే, పెట్టెలో కాగితాలు కూడా అదే చెప్పేవి, మేము అలా చదవలేదు అన్నారు.

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. మరుసటి ఏడాది నుంచి ఎస్టేట్లను విడతలుగా స్వాధీనం చేసుకోవడం మొదలైంది. చట్టంలో మూడో సెక్షన్ చదివితే నాకు ఇప్పటికీ మా పెట్టె కనిపిస్తుంది. ఎస్టేటుతో పాటు దానికి సంబంధించిన లెక్కలు, రిజిస్టర్లు, పట్టాలు, ముచ్చిలికలు, పటాలు ప్రభుత్వం తీసుకోవచ్చని అందులో వరసగా రాశారు. ఆ చట్టం రాసినవాళ్ళకు జమీందారీ ప్రాణం ఎక్కడుందో బాగా తెలుసు.

మా ఎస్టేటు వంతు వచ్చినప్పుడు సర్కారు తరఫున మేనేజరు, ఇద్దరు గుమాస్తాలు వచ్చారు. చావడిలో తివాచీ తీసేసి బల్లలు వేశారు. తాతగారు ఒక్కో కట్ట విప్పి ఊరి పేరు, ఫసలీ, కాగితాల సంఖ్య చదువుతుంటే వాళ్ళు జాబితా రాసుకున్నారు. ఆ పని మూడు రోజులు పట్టింది. రాజుగారు మూడు రోజులూ అదే వాలుకుర్చీలో కూర్చున్నారట. ఒక్క కట్ట దగ్గర మాత్రం మాట్లాడారు. పండితుడి రసీదులు ఎస్టేటు పాలనకు అక్కర్లేదు కదా, అవి ఉంచేయండి అన్నారు. మేనేజరు సరేనన్నాడు. చివరికి పెట్టె ఖాళీ అయింది. ప్రభుత్వం గోనెసంచుల్లో తీసుకెళ్ళింది కనుక పెట్టె మిగిలిపోయింది. ఇది నాకెందుకు, నువ్వు పట్టుకెళ్ళు పంతులూ అన్నారు రాజుగారు.

పెద్ద సంస్థానాలకు తర్వాత కూడా ఒక దారి ఉంది. విజయనగరం పి.వి.జి. రాజు గారు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటనే చదువులకిచ్చారు. పర్లాకిమిడి కృష్ణచంద్ర గజపతి అప్పటికే ఒరిస్సాకు మొదటి ప్రధానమంత్రిగా పనిచేసి ఉన్నారు. చిన్న ముఠాల వాళ్ళకు నష్టపరిహారం ట్రిబ్యునల్‌లో జమ అయ్యేది. అప్పులవాళ్ళు, వాటాదార్లు, మనోవర్తి కావలసినవాళ్ళు అందరూ అక్కడే క్లెయిములు వేసేవారు. మిగిలిందాంతో ఇల్లు నడవాలి. గుర్రబ్బండి ముందు పోయింది. ఆ తర్వాత లోగిలి పెంకు దిగింది.

నాన్నగారు అప్పటికే టాటాలో ఉన్నారు. మా వైపు ఎవరూ జంషెడ్‌పూర్ అనరు, టాటా అంటారు. అంతకు ముందు తరం రంగూన్ వెళ్ళింది. 1942లో బర్మా దారి మూసుకున్నాక ఖరగ్‌పూర్‌కూ టాటాకూ రైలెక్కడం మిగిలింది. ఆమదాలవలసలో బండి ఎక్కి ఖరగ్‌పూర్‌లో మారితే టాటానగర్. ఉద్యోగం పోయిన తాతగారు నాయనమ్మతో, ఈ పెట్టెతో ఆ దారినే వచ్చారు. పెట్టెలో బట్టలు, మరచెంబు, ఆవకాయ జాడీ. దస్తావేజుల పెట్టెలో ఆవకాయ పెట్టారని నాయనమ్మ మీద తాతగారు దారి పొడుగునా అలిగారట.

నాన్నగారు పనిచేసింది గోల్మురిలో, టిన్‌ప్లేట్ కంపెనీలో, రేకుల తనిఖీ విభాగంలో. బర్మా ఆయిల్ వాళ్ళకు కిరసనాయిలు డబ్బాలకు రేకు కావాలి, టాటాల దగ్గర ఉక్కు ఉంది. ఇద్దరూ కలిసి 1920లో పెట్టిన కంపెనీ అది. 1922 చివర్లో మొదటి రేకు వచ్చింది. అంతకుముందు మన దేశానికి తగరపు పూత రేకు ఎక్కువగా వేల్స్ నుంచి, స్వాన్సీ, లానెల్లి ఊళ్ళ నుంచి వచ్చేది. ఇక్కడి మనుషులకు పని నేర్పడానికి కూడా వేల్స్ నుంచే మేస్త్రీలు వచ్చారు. ఎర్రగా కాలిన ఉక్కు పలకను పట్టకారుతో పట్టి రోలర్లలో తోయడం, మడవడం, మళ్ళీ కాల్చి మళ్ళీ తోయడం, చివరికి ఒకదానికొకటి అతుక్కున్న రేకుల్ని విడదీయడం, అన్నీ మనిషి చేతులతోనే జరిగేవి. వేసవిలో హాట్ మిల్లులో పనిచేసి వచ్చినవాళ్ళ ముఖాలు నేను చూశాను. ఆ తర్వాత రేకును తేజాబులో కడిగి, కరిగిన తగరంలో ముంచి తీసేవారు. నాన్నగారి పని ఆ రేకుల్లో పూత తగలని చుక్కలు పట్టుకోవడం.

అలాంటి మనిషి చేతికి దివాణం పెట్టె వచ్చింది. వచ్చిన ఆదివారమే దాన్ని వరండాలో ఎండలో బోర్లించారు. లోపలి మూల దగ్గర వార్నీషు పెచ్చు లేచినచోట గోటితో గీకి, వెండిలా మెరిసే పూత చూపించారు. అతుకుల దగ్గర రేకును ఒకదానిలో ఒకటి మడిచి టంకం పోశారు. మూత అంచు లోపలికి చుట్టి అందులో ఇనపతీగ పెట్టారు, అందుకే ఇన్నేళ్ళయినా అంచు వంగలేదు. బొటనవేలితో మీటి, చప్పుడు విని, ఇది స్వాన్సీ రేకే, మా మిల్లు కన్నా ముందుది అన్నారు నాన్నగారు. తాతగారు కాగితాలు చూసి పెట్టెను ప్రేమించారు. నాన్నగారు పెట్టెను పెట్టెగానే చూశారు. దాని విలువ ఇద్దరికీ తెలుసు.

మేము దిగిన నేల కూడా జమీందారీయే. ఘాట్‌శిలా కేంద్రంగా ఉన్న ధల్‌భూమ్ రాజుల ఎస్టేటులోదే ఈ ఊరు. టాటా కంపెనీ 1907లో ఏర్పడ్డాక కాళీమాటి స్టేషన్ దగ్గర సాక్చి పల్లె చుట్టూ 3,564 ఎకరాలు ఆ ఎస్టేటు నుంచి భూసేకరణ చట్టం కింద తీసుకున్నారు. 1912లో ఉక్కు వచ్చింది, 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చిని జంషెడ్‌పూర్ అన్నాడు, కాళీమాటి టాటానగర్ అయింది. ఖర్కాయి నది దాటితే సరాయికెలా సంస్థానం. అక్కడి ఆదిత్యపూర్ ఆ రాజు ఆదిత్యప్రతాప్ సింగ్ దేవ్ పేరు మీద వెలిసింది. ఆ సంస్థానం 1948లో విలీనమైంది, ధల్‌భూమ్ జమీందారీని 1950 నాటి బీహార్ భూసంస్కరణల చట్టం తీసేసింది. తాతగారు బిష్టుపూర్ రామమందిరంలో తోటి తెలుగు వాళ్ళ దగ్గర ఈ సంగతులన్నీ కూపీ లాగి తెలుసుకున్నారు. ఈ ఊరు కట్టక ముందు కాగితం ఎవరి పెట్టెలో ఉండేది అన్నది ఆయన మొదటి ప్రశ్న.

ఆ తర్వాత ఆయన చేసిన పని మా ఇంట్లో ఎవరికీ మొదట అర్థం కాలేదు. నాన్నగారిని అడిగి ఒక పెద్ద లెక్కల పుస్తకం తెప్పించుకున్నారు. రోజూ మధ్యాహ్నం వరండాలో కూర్చుని, ఖాళీ పెట్టె ముందు పెట్టుకుని, అందులో ఏ కట్టలో ఏ కాగితం ఉండేదో జ్ఞాపకం మీద రాయడం మొదలుపెట్టారు. ఊరు, రైతు పేరు, తండ్రి పేరు, మడి పేరు, హద్దులు, ఫసలీ, శిస్తు. రాయలేక ఆగిపోయినప్పుడు పెట్టెలో చేయి పెట్టి ఆ కట్ట ఉండే చోటు తడిమేవారు. అప్పుడు గుర్తొచ్చేది.

రెండేళ్ళు తిరక్కుండానే ఆ పుస్తకం అవసరం పడింది. ఎస్టేటు పోయాక రైతులకు రైత్వారీ పట్టాలివ్వడానికి సెటిల్‌మెంటు విచారణలు మొదలయ్యాయి. ఈ భూమి నీదేనని రుజువేది అని అడిగితే రైతు దగ్గర పాత పట్టా ఎక్కడుంటుంది? చెదలు తినో, వరదకు పోయో ఉంటుంది. తాలూకాఫీసులో గోనెసంచుల్లోంచి దాని నకలు వెతికి తీసేవాళ్ళు లేరు. అప్పుడెవరో టాటాలో పంతులుగారున్నారని చెప్పారు. కార్డులు రావడం మొదలైంది. గోల్మురి క్వార్టరు చిరునామాకు, వంకర అక్షరాలతో. మా తాత పేరు మీద రావిచెట్టు కింది మడికి పట్టా ఏ ఫసలీలో ఉందో దయచేసి రాయగలరు. తాతగారు పుస్తకం చూసి ఫసలీ, శిస్తు రాసి తిరుగు టపాలో పంపేవారు. ఆ వివరం పట్టుకుని రైతు తాలూకాఫీసులో అడిగితే కాగితం దొరికేది. పోస్టాఫీసుకు వెళ్ళే పని నాది. రద్దయిపోయిన ఎస్టేటు దస్త్రం ఒక ఫ్యాక్టరీ క్వార్టరులో కొన్నేళ్ళపాటు పనిచేసింది.

నేను హైస్కూల్లో చేరిన కొత్తల్లో రాజుగారు మా ఇంటికి వచ్చారు. గయలో పిండాలు పెట్టడానికి వెళ్తూ టాటాలో దిగారు. వెంట ఒక పనిమనిషి మాత్రమే. సన్నగా, నిటారుగా, చెవులకు పోగులు, ఉతికి ఇస్త్రీ చేసిన పాత సిల్కు లాల్చీ. మా ఇంట్లో చేతుల కుర్చీ లేదు. పక్కింటి సర్దార్జీ ఇంటి నుంచి తెచ్చాను. తాతగారు నిలబడే ఉన్నారు.

“కూర్చో పంతులూ. ఇది నీ ఇల్లు.”

“చిత్తం బాబుగారూ” అన్నారు గాని కూర్చోలేదు.

యోగక్షేమాలయ్యాక రాజుగారు అసలు మాటకు వచ్చారు. చెరువు కింది పల్లం సంగతి గుర్తుందా అని అడిగారు. అది తమ సొంత సేద్యపు భూమి, కంబట్టమేనని సెటిల్‌మెంటు ఆఫీసరు ముందు క్లెయిము వేశారు. కంబట్టమైతే రాజుగారికి పట్టా వస్తుంది, జిరాయితీ అయితే సాగుచేసుకుంటున్న రైతులకు వెళ్తుంది. దానికి సంబంధించిన కాగితం తాలూకాఫీసులో కనపడ్డం లేదు.

“వకీలు అంటాడూ, నువ్వొచ్చి ఒక్క మాట చెబితే చాలని. దస్త్రం నీ చేతిలో నడిచింది. నీ మాట తోసెయ్యరు.”

తాతగారు చాలాసేపు నేల చూశారు. పుస్తకం తెరవలేదు. తెరవాల్సిన అవసరం లేదని నాకే తెలిసిపోయింది.

“పెద్దబాబుగారు దాన్ని కంబట్టంలో కలుపుకోవాలనుకున్న మాట నిజమే బాబూ. కలపలేదు. ఫసలీ 1316లో జిరాయితీ కిందే ముచ్చిలికలు రాయించారు. ఆ కట్ట కట్టింది నేను కాదు, మా నాన్న. పైన తమ తాతగారి దస్కత్తు ఉంది.”

“తాతగారి దస్కత్తే? నువ్వు చూశావా?”

“చూశానండి.”

“అయితే ఇంకేం చెబుతావులే.”

అంతే. రెండోసారి అడగలేదు. కాగితం ఎలాగూ దొరకడం లేదు, దాన్ని చూసినవాళ్ళు ఆ గదిలో ఉన్న ఒక్క మనిషే, ఆయన తన ఉప్పు తిన్నవాడు. అడిగితే, గట్టిగా అడిగితే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆయన అడగలేదు. కొంతసేపటికి పెట్టె ఎక్కడుంది అన్నారు. మంచం కింద నుంచి లాగి ముందు పెట్టాను. ఆయన లాల్చీ గుండీ తీసి, జంధ్యం బయటికి లాగి, దానికున్న చిన్న ఇత్తడి తాళంచెవి విప్పారు. పెట్టె ఖాళీ అయి అన్నేళ్ళయినా అది అక్కడే ఉంది. తాళంలో పెట్టి ఒకసారి తిప్పారు. బిగుసుకుంది గాని తిరిగింది. ఇది కూడా నీ దగ్గరే ఉంచు పంతులూ అన్నారు. భోజనం చేసి సాయంత్రం బండికి వెళ్ళారు. నాయనమ్మ వండిన పనసపొట్టు కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. అప్పుడు మాత్రం తాతగారు ఆయనకు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

ఆ పల్లం రైతులకు వెళ్ళిందని తర్వాత కార్డు వచ్చింది.

జమీందారీ పోవలసిందే. ఒక మనిషి గుర్రం మీద తిరిగి చూసిన భూమిని ఇంకొకడు వంగి దున్నడం, పంట పోయినా శిస్తు కట్టడం న్యాయం కాదు. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటాను. అయినా ఆ మధ్యాహ్నం గుర్తొచ్చినప్పుడల్లా ఆ ఇద్దరి మీదా నాకు గౌరవం పెరుగుతూనే ఉంటుంది. తాత దస్కత్తుకు మనవడు కట్టుబడ్డాడు. యజమాని ఎదుట గుమాస్తా కాగితానికి కట్టుబడ్డాడు. పెట్టెకు రెండు తాళాలు పెట్టి, ఒకరిని దాటి ఒకరు వెళ్ళకుండా బతికిన అలవాటు వాళ్ళను అలా చేసిందని నా నమ్మకం. ఆ అలవాటు జమీందారీతో పాటే పోవాల్సిన పని లేదు, కానీ పోయింది.

తాతగారు పోయాక పెట్టె నాన్నగారిది అయింది. అందులో అపాయింట్‌మెంటు ఆర్డరు, ప్రావిడెంట్ ఫండు స్లిప్పులు, క్వార్టరు కేటాయింపు కాగితం ఉండేవి. భూమి కాగితం ఒక్కటి కూడా లేదు. కంపెనీ ఊళ్ళో నేల ఎవరి సొంతమూ కాదు, రిటైరైన రోజు క్వార్టరు అప్పగించి కదలాలి. నాన్నగారు రిటైరయ్యాక సువర్ణరేఖ అవతల మాంగోలో చిన్న స్థలం కొన్నారు. రిజిస్ట్రీ కాగితం మీద, హిందీలో, పరగణా ధల్‌భూమ్ అని ఉంది. దాన్ని పెట్టెలో పెట్టే ముందు నాన్నగారు తాటాకు దొరక్క ఒక రేకుముక్క కత్తిరించి, మేకుతో ఊరి పేరు గీసి కట్టకు కట్టారు. ఆ టిన్‌ప్లేట్ కంపెనీ కూడా 2024లో టాటా స్టీల్‌లో కలిసిపోయింది.

టాటా స్టీల్ వాళ్ళు తమ పాత కాగితాలను ఇదే ఊళ్ళో ఆర్కైవ్స్ కట్టి భద్రంగా దాచుకున్నారు. చూసినప్పుడు కడుపు నిండుతుంది. చిన్న ఎస్టేట్ల కాగితాలకు అలాంటి దిక్కు లేదు. జుగ్‌సలాయి పాతసామాన్ల దుకాణాల్లో మా పెట్టె లాంటివి నేను చూశాను, మూత మీద బెంగాలీలోనో ఒరియాలోనో పేర్లు. కాగితాలు అప్పటికే తూకానికి వెళ్ళిపోయి, పెట్టెలు కాఫీ హోటళ్ళ అలంకారానికి అమ్ముడవుతుంటాయి. ఏ ఊరి రైతు హక్కు ఆ తూకంలో పోయిందో అడిగేవాళ్ళు లేరు. పెట్టె కొన్నవాళ్ళు లోపల ఒక్క చీటీ దొరికినా పారేయకుండా ఆ జిల్లా ఆర్కైవ్స్‌కో, ఆ ఊరి వాళ్ళకో చేరిస్తే ఎంత మేలు.

తాతగారి పుస్తకం నా దగ్గరుంది. కిందటేడు ఒక కుర్రాడు, ఆ పల్లెల్లో ఒకదాని నుంచి విశాఖపట్నంలో చదువుకుంటున్నవాడు, తన ముత్తాత పేరు, మడి పేరు ఫోనులో పంపాడు. వెతికితే దొరికింది. పేజీ ఫోటో తీసి పంపాను. అప్పటి నుంచి ఊరి వారీగా కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాను. సగం ఊళ్ళవి పూర్తయ్యాయి. మిగతావి తాతగారు చూపు తగ్గాక గొలుసుకట్టులో రాసినవి, నాకు సగమే అర్థమవుతాయి. మా చెల్లెలు చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని ఆ రాత నేర్చుకుంది. సంక్రాంతికి వస్తానంది, వచ్చాక చెరువు కింది పల్లం ఉన్న ఊరితో మొదలుపెడతాం.